చివరి అంకె తొమ్మిది

రోజు 1

ఈ రోజు నా తెర మీదికి వచ్చిన పదిహేడో ఫైలు పెద్ద డాక్టరు సదానందంగారిది. పేరు చూసి ముందు నమ్మలేదు. ఉప్పు పట్టిన తెరను కొంగుతో తుడిచి మళ్లీ చూశాను. వయసు అరవై రెండు, నివాసం నాలుగో తెప్ప పై అంతస్తు, ఉద్యోగం తెప్పల ముఖ్య వైద్యాధికారి. సందేహం లేదు, ఆయనే. బాధ అన్న చోట మూత్రం సన్నగా రావడం, ఇరవై నిమిషాలకోసారి లేవాల్సి రావడం, నడుము నొప్పి అని ఉంది. నిర్ధారణ దగ్గర చిన్న డాక్టరు హైమ ఒక్క వరసే రాసింది. "ప్రోస్టేట్ గ్రంథి వ్యాధి. వివరం లేదు."

సముద్రం మీద తేలే ఈ నాలుగు తెప్పల ఊళ్లో నేను కోడర్ని. డాక్టర్లు మాటల్లో రాసిన జబ్బుని అంకెల్లోకి మార్చడం నా పని. ఆపరేషన్లు చేసే మా మరగది మాటలు చదవదు. అంకె అందితేనే తలుపు తీస్తుంది, మనిషిని పడక మీదికి తీసుకుంటుంది, కోయాల్సింది కోసి కుట్టాల్సింది కుడుతుంది. ప్రోస్టేట్ ఉబ్బిందని డాక్టరు రాస్తే ఎన్ నలభై వేస్తాను. కేన్సర్ అని రాస్తే సి అరవై ఒకటి. ఏదీ తేల్చకుండా వివరం లేదని రాస్తే ఎన్ నలభై రెండు, చుక్క, తొమ్మిది. చివర తొమ్మిది పడిన ఫైలుకి మరగది తలుపు తీయదు. ఆ మనిషికి నొప్పి మాత్రలూ, వచ్చే నెల రమ్మని ఒక చీటీ వస్తాయి. అంతే.

మా ఆయన ఎల్లాజీకి అలాంటి చీటీలు పద్నాలుగు వచ్చాయి. పదిహేనో నెల చీటీ తీసుకోవడానికి మనిషి లేడు. అది జరిగి ఆరేళ్లయింది. ఆయన పోయిన మూడో నెలలోనే నేను కోడింగ్ పరీక్ష రాసి ఈ కుర్చీలో కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నావని అడిగినవాళ్లకి పొట్ట గడవాలి కదా అని చెప్పాను. అది అబద్ధం. ఏదో ఒక రోజు ఈ ఫైలు వస్తుందని కూర్చున్నాను.

సదానందంగారికి తొమ్మిది వేశాను.  ఇంటికెళ్లి చేపల పులుసు పెట్టుకుని, చాన్నాళ్ల తర్వాత కడుపునిండా తిన్నాను.

రోజు 2

పొద్దున తెప్ప అడుగున అంటుకున్న గుల్లలు గీకే వంతు నాది. వారానికోసారి ఇంటికొకరు దిగాలి, లేకపోతే బరువుకి తెప్ప కుంగుతుంది. ఎల్లాజీ ఉన్న రోజుల్లో నన్ను దిగనిచ్చేవాడు కాదు. ఆయన పనే అది, నీళ్లలో మునిగి తెప్పల అతుకులు వెల్డింగ్ చెయ్యడం. ఒక్క ఊపిరి బిగింపుతో నాలుగు అతుకులు చూసి వచ్చేవాడు. అలాంటి మనిషి చివర్లో కుర్చీలోంచి మంచం మీదికి మారడానికి నా భుజం పట్టుకున్నాడు.

గీకుతున్నంతసేపూ ఉత్తర్వు పదకొండు నాలో నేనే అప్పజెప్పుకున్నాను. నాకు కంఠతా వచ్చు. "యాభై దాటిన పురుషులు మూత్ర సంబంధమైన బాధతో వచ్చినప్పుడు ప్రత్యేక నిర్ధారణ అవసరం లేదు. ప్రోస్టేట్ గ్రంథి వ్యాధి, వివరం లేదు అని రాయవలెను." కింద సంతకం సదానందం. తొమ్మిదేళ్ల కిందటి మాట.

దాని వెనక తెలివి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పేరున్న జబ్బులన్నీ తెప్ప రోగుల పట్టికకి ఎక్కుతాయి. పట్టిక వందకి చేరితే మా స్తంభం మీద తెల్ల జెండా దించి పసుపు జెండా ఎగరేయాలని అన్ని తెప్పలకీ పైనున్న పెద్ద సభ రూలు. పసుపు జెండా కనిపిస్తే బియ్యం ఓడ మా రేవుకి కట్టకుండా పక్క ఊళ్ల తెప్పలకి పోతుంది. తొమ్మిది పడిన ఫైళ్లు పట్టికకి ఎక్కవు. కాబట్టి ముసలి మగాళ్లందరినీ తొమ్మిదిలోకి తోసేస్తే జెండా తెల్లగా ఉంటుంది. తొమ్మిదేళ్లుగా ఉంది. ఆయనకి రెండుసార్లు సన్మానం కూడా చేశారు.

రోజు 5

సదానందంగారి బయాప్సీ రిపోర్టు ఫైలులో చేరింది. కేన్సర్. వేగంగా పాకే రకం. చదివి, ఫైలు మూసి, తర్వాతి ఫైలు తీశాను. రిపోర్టు చూసి కోడు వేసే హక్కు కోడర్‌కి లేదు. డాక్టరు తన మాటగా నిర్ధారణలో రాయాలి. ఈ పనిలో చేరిన మొదటి రోజే చెప్పే మాట ఇది.

మధ్యాహ్నం హైమ వచ్చింది. చిన్నపిల్ల, మంచిదే. ముఖం పీక్కుపోయి ఉంది.

"దాలమ్మగారూ, సార్ రిపోర్టు మీకు వచ్చిందా?"

"వచ్చిందండి."

"మరి తొమ్మిదే ఉందేమిటి ఇంకా?"

"మీరు కేన్సరని రాయండి. ఈ క్షణంలో మారుస్తాను."

"రాశానండీ. నాలుగుసార్లు రాశాను. ఆయన వయసు చూసి తెర తీసుకోవట్లేదు. ఉత్తర్వు పదకొండు ప్రకారం అని చూపించి నేను రాసింది తుడిచేస్తోంది."

"అవునండి. తుడిచేస్తుంది. తొమ్మిదేళ్ల నుంచీ తుడుస్తూనే ఉంది."

 మా ఆయన సంగతి హైమకి తెలుసో తెలియదో నాకు తెలియదు. నేను చెప్పలేదు. ఆమె వెళ్లాక టీ కాచుకున్నాను. సముద్రపు నాచు వాసన కొట్టే ఆ టీ నాకు ఎప్పుడూ సహించదు. ఇవాళ సహించింది.

రోజు 9

ఆయనే దిగి వచ్చాడు.

కోడింగ్ గది నాలుగో తెప్ప అడుగు అంతస్తులో ఉంది. కిటికీలు నీటి మట్టానికి జానెడు పైన. పెద్ద డాక్టరు ఇక్కడ అడుగు పెట్టడం నేను చూడటం ఇదే మొదలు. వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. మాట మొదలుపెట్టకముందే లేచి, మరుగుదొడ్డి ఎటు అని అడిగాడు. చూపించాను. చాలాసేపటికి వచ్చాడు. గంటలో మూడుసార్లు వెళ్లాడు. నేను ప్రతిసారీ గడియారం చూశాను. ఎల్లాజీకి నేను ఇలాగే గడియారం చూసేదాన్ని, అప్పుడు గుండె దడతో. ఇప్పుడు దడ లేదు.

"చూడమ్మా, నా ఫైలు నీ దగ్గరే ఉందట."

"ఉందండి."

"రిపోర్టు స్పష్టంగా ఉంది. నువ్వు సీనియర్‌వి. రిపోర్టు చూసి కోడు వేసెయ్. నేను చూసుకుంటాను."

"రిపోర్టు చూసి వేస్తే నా చెయ్యి తీసేస్తారండి. మీరే పెట్టారు ఆ శిక్ష."

"పెద్ద సభకి మినహాయింపు కోసం రాశాను. ఓడ మీద వెళ్లి ఓడ మీద రావాలి జవాబు. నాలుగు నెలలు పట్టొచ్చు. అంత టైము నాకు లేదు."

"మా ఆయనకీ లేకపోయిందండి."

"ఎవరు మీ ఆయన?"

"ఎల్లాజీ. అడుగు వెల్డర్. మీ సంతకంతోనే తొమ్మిది పడింది."

ఆయన ఒక్క క్షణం ఆగి తల అడ్డంగా ఊపాడు. "గుర్తు లేదమ్మా. ఎంతమందిని గుర్తుపెట్టుకుంటాను? ఆ ఉత్తర్వు లేకపోతే ఓడలు వచ్చేవా? నాలుగు తెప్పల మీద రెండువేల మంది అన్నం తిన్నారు ఈ తొమ్మిదేళ్లూ. నువ్వూ తిన్నావు."

తిన్నాను. నిజమే. ఆ మాట నన్ను కొట్టింది, కొట్టినందుకు ఇంకా మండింది. నా మొగుణ్ణి గింజలకి తూచి అమ్మాడు, ఎవర్ని అమ్మాడో పేరు కూడా గుర్తు లేదంటాడు. రూల్ ప్రకారం ఏం చెయ్యలేనండి అని చెప్పి లేచి నిలబడ్డాను. గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్లాడు.

రోజు 10

ఇది ఎవరికీ చెప్పని విషయం. ఈ పుస్తకంలో రాస్తున్నాను. కోడర్లు రోజూ పనిపుస్తకం రాయాలని రూలుంది, అందులో ఏం రాయాలో రూలు లేదు.

ఉత్తర్వు పదకొండుని రద్దు చెయ్యొచ్చు. పెద్ద సభ అక్కర్లేదు. రూల్ బుక్కులో మూడొందల ఏడో పేజీలో ఉంది. నేను చేరిన మొదటి ఏడే చదివాను. ఉత్తర్వు ఇచ్చినవాడు సంతకం పెడితే రద్దు. రద్దయిన మరుక్షణం దాని కింద తొమ్మిది పడిన ఫైళ్లన్నీ, ముందు బతికున్నవాళ్లవీ తర్వాత పోయినవాళ్లవీ, తేదీ వరసలో తిరిగి రాయాలి. రాసేది ఉత్తర్వు ఇచ్చినవాడే. రోగి ఒంటి మీద స్వయంగా చెయ్యి వేసి చూశాకే రాయాలి. పోయినవాళ్ల విషయంలో అప్పట్లో తనకి తెలిసింది రాయాలి.

ఇన్నాళ్లూ ఈ పేజీ నాకు పనికిరాలేదు. సంతకం ఆయన ఒక్కడే పెట్టాలి, ఆయనకి ఏం అవసరం? ఇప్పుడు అవసరం పడింది. ఆయనకి మాత్రం ఈ పేజీ ఉన్నట్టు తెలియదు. సంతకాలు పెట్టేవాళ్లు రూల్ బుక్కులు చదవరు.

నేను చెప్పను. ఆయన తవ్విన గోతిలో ఆయనే కూర్చోనీ. నెలకో చీటీ తీసుకోనీ. పద్నాలుగు తీసుకోనీ. ఈ వాక్యం రాస్తుంటే నాకు హాయిగా ఉంది, సిగ్గు లేకుండా రాస్తున్నాను.

రోజు 13

సన్యాసయ్యకి ఉదయం గొట్టం పూడుకుపోయి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. ఆయన తాళ్ల మేస్త్రీ. తెప్పకీ తెప్పకీ మధ్య మోకులు కట్టేది ఆయనే. డెబ్బై దాటాయి. మూడేళ్లుగా తొమ్మిది. పొట్ట కుండలా ఉబ్బి అరుస్తుంటే హైమ కొత్త గొట్టం వేసి సంచీ కట్టింది. రెండు గంటల తర్వాత, అలవాటు ప్రకారం, నా కిటికీ దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చీటీ తీసుకునే వంకతో వచ్చి ఊసులాడి వెళ్తాడు.

"ఏటి పాపా, ముకం ఎలిగిపోతంది? ఏటి కత?"

"ఏం లేదు తాతా. ఇప్పుడెలా ఉంది?"

"నాకేటి, సచ్చి బతికినాను. పెద్ద డాక్టరుకి మా జబ్బే అంట గదా?"

"ఎవరు చెప్పారు?"

"సెప్పాలేటి? మెట్ల కాడ సూసినాను. ఒంటికెల్లి వొచ్చి, మల్లీ ఒంటికెల్లినాడు. ఆ నడక నాకు తెల్దేటి." గట్టిగా నవ్వాడు. నవ్వితే గొట్టం లాగి, మూతి ముడుచుకున్నాడు. "ఆయనకీ తొమ్మిదేనేటి?"

"తొమ్మిదే."

"బాగైంది. మరాయనెలాగ బయటపడతాడు?"

"పడడు."

సన్యాసయ్య సంచీ సర్దుకున్నాడు. అందులో ఎర్రగా ఉంది.

"అయితే మేవూ పడం," అన్నాడు. "ఆయన్నీ మమ్మల్నీ ఒకే మోకుకి కట్టీసినారు గాదేటి. ఆయనిప్పుకుంటే మాదీ ఊడతాదేమో అనుకున్నాను. పోనీలే. మాత్రలియ్యి, ఎల్తాను."

మాత్రలిచ్చాను. ఆయన వెళ్లాక చాలాసేపు ఏ ఫైలూ తీయలేదు. తొమ్మిది పడినవాళ్లు మొత్తం రెండొందల పదకొండు మంది. నలభై ఎనిమిది మంది పోయారు. నూట అరవై మూడు మంది బతికున్నారు. ఒక మనిషి మీద పగతో నేను నోరు మూసుకుంటే, ఆయన నూట అరవై మూడు మందికి చేసినదే నేనూ చేస్తున్నట్టు. ఈ లెక్క నాకు పదో రోజే తెలియాలి. తెలిసింది కూడా. చూడనట్టు ఊరుకున్నాను.

ఆయన్ని కాపాడకుండా వీళ్లని బయటికి తీసే దారి ఏదైనా ఉందేమోనని రూల్ బుక్కు మళ్లీ మొత్తం చదివాను. లేదు.

రోజు 14

పై అంతస్తుకి వెళ్లాను. మూడొందల ఏడో పేజీ ఆయన బల్ల మీద పెట్టాను. చదివాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు.

"ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"చాలా రోజుల నుంచి."

"మొన్న నేను నీ ముందు కూర్చున్నప్పుడు కూడా?"

"అప్పుడు కూడా అండి."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "సరే, రద్దు చేస్తాను. రోగుల్ని హైమ చూస్తుంది. కాగితాల మీద నేను సంతకాలు పెడతాను."

"కుదరదండి. ఉత్తర్వు మీది. చెయ్యి మీదే పడాలి."

"నేను రోగికి చెయ్యి వేసి ఏడేళ్లయింది."

"గ్లౌజులు నేనే తెప్పిస్తాను."

"అందరికీ? నూట అరవై మందికీ నేనే?"

"నూట అరవై మూడు. తేదీ వరసలో. అందరికన్నా పాతది ముందు. మీ ఫైలు నిన్నగాక మొన్నటిది, కాబట్టి అందరి తర్వాత. మీది మాత్రం హైమగారు రాస్తారు. ఎవరి ఒంటికి వాళ్లే చెయ్యి వేసుకోలేరు కదండీ."

"పట్టిక వంద దాటిపోతుంది. పసుపు జెండా ఎగురుతుంది. తెలుసా నీకు?"

"తెలుసు."

"బియ్యం రాదు."

"నాచు తింటాం. మీరు జబ్బు పేరు రాయని పద్నాలుగు నెలలూ ఎల్లాజీ ఏం తిన్నాడనుకున్నారు? మాత్రలు."

కలం తీశాడు. సంతకం పెట్టేముందు లేచి మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాడు. నేను నిలబడే ఉన్నాను. వచ్చి పెట్టాడు.

రోజు 16

మొదటి రోజు ఆరుగురిని చూశాడు. అడుగు అంతస్తులో పాత వలల గదిని కడిగించి, బల్ల వేయించి, గుడ్డ తెర కట్టించాను. పైన ఆయన సొంత గది ఉంది, మెత్తటి మంచం ఉంది. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే ముసలాళ్లు మెట్లెక్కలేరు. ఇంకొక కారణం, ఆయన దిగి రావాలి.

ఏడేళ్ల తర్వాత మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యడం ఎలా ఉంటుందో తెర ఇవతల నుంచి వింటున్నాను. "పక్కకి తిరగండి. మోకాళ్లు పైకి. ఊపిరి వదలండి."  మొదటివాడు వల నేసే కొండయ్య. "బాబూ, తవరికన్నా నాకే సిగ్గేత్తంది" అన్నాడు. బయట నిలబడ్డవాళ్లు పడీ పడీ నవ్వారు. ప్రతి ఇరవై నిమిషాలకీ డాక్టరు గ్లౌజులు విప్పి వరస పక్కనుంచే దొడ్డికి పరుగెత్తాలి. వెళ్లిన ప్రతిసారీ వరసలో ఎవడో ఒకడు పక్కకి జరిగి దారిచ్చి, "ఎల్లిరండి బాబూ, తొందరేట్లేదు, ఇక్కడందరికీ తెలిసిందే" అనేవాడు. తొమ్మిదేళ్లు బాధపడ్డ మగాళ్లకి ఆ మాత్రం నవ్వు దక్కాలి. నేనూ నవ్వాను, నోరు కొంగుతో మూసుకుని.

ఆయన రాస్తున్నాడు, నేను కోడ్ వేస్తున్నాను. గ్రంథి ఉబ్బింది, మూత్రం అడ్డుపడుతోంది. ఎన్ నలభై, చుక్క, ఒకటి. దీర్ఘకాలపు వాపు. ఎన్ నలభై ఒకటి, చుక్క, ఒకటి. నాలుగోవాడికి రాళ్లు. అయిదోవాడికి కేన్సర్. ఒక్కొక్క అంకెకీ మరగది తలుపు దగ్గర పచ్చదీపం వెలిగింది. రెండు పడకలే ఉన్నాయి, మనిషికి నాలుగు రోజులు పడుతుంది. అయినా వెలిగింది.

రోజు 29

జెండా మార్చారు. పసుపు గుడ్డ తొమ్మిదేళ్లు పెట్టెలో ఉంటే ఎలకలు కొరికాయి. హైమ కుట్టి ఇచ్చింది.

బియ్యం ఓడ మా ముందునుంచే వెళ్లిపోయింది. పక్కింటి తవిటమ్మ గోడ మీదనుంచి నాకు వినిపించేలా, "కొందరి పగ తీర్సుకోడానికి మా పిల్లలు పస్తులుండాలేటి" అంది.  ఆమె అన్నది తప్పు కాదు. సాయంత్రం ఆమె మామగారు వరసలో ఎనభయ్యోవాడుగా నిలబడ్డాడు. కేన్సర్ మొదట్లో ఉంది. ప్రాణం పోదు, బాగవుతాడు. ఆ తర్వాత తవిటమ్మ మా గుమ్మంలో ఒక గిన్నె నాచు కూర పెట్టి వెళ్లింది.

సదానందంగారు చిక్కిపోయాడు. నడుముకి గుడ్డ చుట్టుకుని పనిచేస్తున్నాడు. రోజుకి ఆరుగురు, ఏడుగురు. ఒక్క రోజు మానలేదు. ఎందుకు మానతాడు, చివర ఆయన ఫైలుంది. నేను జాలిపడలేదని రాయాలి. రెండుసార్లు పడబోయాను, ఎల్లాజీ చీటీలు తీసి చూసుకున్నాను.

రోజు 43

బతికున్నవాళ్లందరూ అయ్యారు. ఇక పోయినవాళ్ల ఫైళ్లు. ఆయన పాత నోట్సులు ముందు పెట్టుకుని రాస్తున్నాడు. చాలావాటిలో ఒకటే మాట. "నేను చూడలేదు. నాకు తెలియదు. చూడకుండానే ముద్ర వేశాను." ఒక మనిషి తన చేతులతో అలా ముప్ఫైసార్లు రాయడం చూశాను. నేను కోరుకున్నది ఇదే. కోరుకున్నంత రుచిగా లేదు.

సాయంత్రం ఎల్లాజీ కాగితం నా బల్ల మీద పెట్టి, వెంటనే వెళ్లకుండా నిలబడ్డాడు. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

"ఎల్లాజీ. వయసు యాభై నాలుగు. మొదటిసారి వచ్చిన రోజునే స్వయంగా పరీక్షించాను. గ్రంథి కుడివైపు రాయిలాంటి గడ్డ తగిలింది. కేన్సర్ అని నాకు అప్పుడే తెలుసు. ఆ వారం పట్టికలో తొంభై తొమ్మిది మంది ఉన్నారు. అందుకని రాయలేదు. వివరం లేదని రాశాను. ఆ తర్వాత రోగుల్ని చూడటం మానేశాను."

"గుర్తు లేదన్నారు," అన్నాను.

"అబద్ధం చెప్పాను."

ఇన్నేళ్లూ నేను బద్ధకం అనుకున్నాను. చూడకుండా ముద్ర గుద్దే మనిషి అశ్రద్ధకి నా మొగుడు పోయాడనుకున్నాను. కాదు. చూశాడు. వేలికి గడ్డ తగిలింది. చెయ్యి కడుక్కుని, తొంభై తొమ్మిది మందిని ఒకసారి తలుచుకుని, వివరం లేదని రాశాడు. ఎల్లాజీ ఆ రోజు ఇంటికొచ్చి, "పెద్ద డాక్టరే సూసినాడే, ఏం లేదంట" అని సంతోషంగా చెప్పి, చేపలు కొనుక్కొచ్చాడు. కళ్లతో చూసి పంపేశాడనుకున్నాను నేను.

సి అరవై ఒకటి వేశాను. పోయిన మనిషికి ఆ అంకెతో పనిలేదు. నాకుంది.

"వెళ్లండి," అన్నాను ఆయనతో. వెళ్లాడు. గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఎల్లాజీ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

రోజు 45

హైమ సదానందంగారిని పరీక్షించి రాసింది. ఉత్తర్వు లేదు కాబట్టి తెర తుడవలేదు. కేన్సర్. సి అరవై ఒకటి వేశాను. మాట ప్రకారం, రూల్ ప్రకారం. మందులతో సరిపోయేవాళ్లు పోగా పడక కావాల్సినవాళ్లు నూట పది మంది. ఆయన నూట పదకొండోవాడు. మొదలైన రోజు నుంచి లెక్కేస్తే ఆయన వంతు ఏడు నెలలు దాటాక వస్తుంది.

"ఏడు నెలలంటే ఎముకలకి పట్టేస్తుందండీ," అంది హైమ నాతో, మెల్లగా.

"అవునండి. నాకు తెలుసు ఎలా పడుతుందో."

రోజు 56

సన్యాసయ్య ఇరవై ఒకటోవాడు. ఇవాళ ఆయన వంతు. పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, సంచీ చంకలో పెట్టుకుని వచ్చాడు. మరగది తలుపు మీద పచ్చదీపం వెలుగుతోంది. లోపలికి వెళ్లకుండా నా దగ్గరికి వచ్చాడు.

"పాపా, ఒక మాటడగాల. వొంతు మార్సుకోవచ్చంట గదా? చిన్న డాక్టరమ్మ సెప్పింది. నాను ఒప్పుకుని, నువ్వు యేలిముద్ర యేస్తే సాలంట."

"ఎవరితో మార్చుకుంటావు?"

ఆయన బెంచీ చివరికి చూశాడు. సదానందంగారు అక్కడ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఆయనకీ సంచీ కట్టారు. రోజూ వచ్చి అలా కూర్చుంటున్నాడు. ఏమీ అడగడు. ఇప్పుడు కూడా మా వైపు చూడలేదు. విని ఉంటాడు, చెవులు ఎర్రబడ్డాయి.

"నాది ఉత్త ఉబ్బరం," అన్నాడు సన్యాసయ్య. "గొట్టమెట్టుకుని మూడేళ్లు లాగినాను, ఇంకో ఆర్నెల్లు లాగలేనేటి? ఆయన్ది పాకీ రకం. నా సోట్లో ఆయన్ని ఎల్లమను. ఆయన సోట్లో నాను నిలబడతాను."

"ఎందుకు తాతా? నీకేం చేశాడని?"

"ఏటీ సెయ్యలేదు. నన్ను ముట్టుకున్నప్పుడు ఆ సెయ్యొనికిపోయింది. భయపడతన్నాడమ్మా. నాకు తెల్దేటి ఆ భయం."

"నా వేలు పడదు."

"ఒకపాలి ఆలోసించుకో."

"ఏడేళ్లు ఆలోచించాను."

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. "ఎల్లాజీగాడుంటే యేసీవోడు," అన్నాడు.

నిజమే. ఎల్లాజీ వేసేవాడు. రెండో ఆలోచన లేకుండా వేసి, నన్ను చూసి నవ్వేవాడు. కానీ ఎల్లాజీ లేడు. ఆయన్ని లేకుండా చేసిన మనిషి ఆ బెంచీ మీద ఉన్నాడు, ఆయన బదులు ఇక్కడ ఉన్నది నేను. నేను అంత మంచిదాన్ని కాను, కావాలని కూడా లేదు.

"నువ్వు వెళ్లకపోతే ఆ పడక ఇరవై రెండోవాడికి పోతుంది, ఆయనకి పోదు," అన్నాను. "లోపలికి వెళ్లు తాతా. దీపం ఆరిపోతుంది."

నా వైపు మళ్లీ చూడకుండా వెళ్లాడు. తలుపు మూసుకుంది. సదానందంగారు లేచి, సంచీ పట్టుకుని, మెల్లగా మెట్ల వైపు నడిచాడు. రేపు మళ్లీ వస్తాడు.

వంతు మార్పిడి అడిగినప్పుడు కోడర్ కాదంటే ఒక కాగితం నింపాలి. అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసినా తెర తీసుకుంటుంది. అందరూ వదిలేస్తారు. నేను 'పగ' అని రాసి, కింద నా పేరు పూర్తిగా రాశాను.